వెనుక గొంతుల ప్రేమగీతం

పాశ్చాత్య సంగీతమంటే డ్రమ్ముల హోరు, కేకలే అనుకునే పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. అటువంటివారికి 1960, 70 దశకాల్లో అమెరికా నల్లజాతి గాయక బృందాలు పాడిన ‘సోల్’ ప్రేమగీతాలు ఒక్కసారి వినిపించండి.

ఈ బాణీకి పుట్టిళ్ళు రెండు: చర్చి, వీధి మలుపు. చర్చిలో పాట నేర్చిన కుర్రాళ్ళు వీధిలో నిలబడి, వాయిద్యాలు లేకపోయినా గొంతులే వాయిద్యాలుగా పాడుకున్నారు. ఒకరు మంద్రస్థాయిలో ఆధారం ఇస్తే, ఇద్దరు ముగ్గురు మధ్య స్వరాలు కలుపుతారు. ఒకరు ముందుకొచ్చి ప్రేమను విన్నవించుకుంటారు. బుర్రకథలో వంతలు లేకపోతే కథ ఎంత బోసిపోతుందో, వెనుక గొంతులు లేకపోతే ఈ పాటా అంతే.

డెట్రాయిట్‌కు చెందిన ‘టెంప్టేషన్స్’ బృందం పాడిన ‘మై గర్ల్’ 1965లో అమెరికాలో ప్రథమస్థానానికి చేరింది. ఆ తరువాత ఫిలడెల్ఫియా ఈ బాణీని మరింత మృదువుగా మలిచింది. అక్కడ 1968లో ఐదుగురు యువకులతో ‘స్టైలిస్టిక్స్’ ఏర్పడింది. వారికి సంగీతం కూర్చిన థామ్ బెల్ నల్లజాతివాడు. పాటలు రాసిన లిండా క్రీడ్ తెల్లజాతి యువతి.

వీరి ‘యూ మేక్ మీ ఫీల్ బ్రాండ్ న్యూ’ 1974లో అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ రెండవ స్థానం అందుకుంది. అందులో మనకు తెలిసిన నాదం ఒకటి పలకరిస్తుంది. అది ఎలక్ట్రిక్ సితార్! మొదట ఏరియన్ లవ్ (ఇంటిపేరే ‘లవ్’!) మంద్రంగా, మాట్లాడుతున్నట్టు పాడతాడు. తరువాత రసెల్ థాంప్‌కిన్స్ సన్నని పై గొంతుతో అందుకుంటాడు. కృతజ్ఞతగా మొదలైన మాట అక్కడ ఆరాధన అవుతుంది. తక్కినవారు వెనుక నుంచి ఆ మాటకు దన్నుగా నిలుస్తారు.

1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా దక్షిణ రాష్ట్రాల్లో చాలా హోటళ్ళు నల్లవారిని తెల్లవారి సరసన కూర్చోనివ్వలేదు. అంతటి అవమానాలు చూసిన జాతి యువకులు, సూట్లు తొడుక్కుని, లోకం ముందు నిలబడి, మగవాడినన్న బింకం లేకుండా ప్రేమను వేడుకున్నారు. మాకూ సుకుమారమైన మనసుందని చెప్పడానికి వారు కేకలు వేయలేదు, గొంతు తగ్గించారు. ఈ పాటల్లోని మాధుర్యం వెనుక ఆ ఆత్మగౌరవం ఉంది.

ఇంటిల్లిపాదీ కూర్చుని వినదగ్గ పాటలివి. మొదటిసారి ముందు గొంతు వినండి. రెండోసారి దాన్ని వదిలేసి, వెనుక గొంతులే వినండి. పాట కొత్తగా వినిపిస్తుంది.