ఈతలో గుండె వేగం: ఏ పరికరం కొనాలి?

నడకలో సరిగ్గా పనిచేసే వాచీ నీళ్ళలో తప్పు అంకె చూపవచ్చు. అది చర్మంపైకి వెలుతురు పంపి నాడిని లెక్కిస్తుంది. చెయ్యి ఊపుతుంటే కిందికి నీరు చేరి లెక్క తప్పుతుంది. కనుక మణికట్టు ఎముకకు కొంచెం పైన బిగుతుగా కట్టుకోవాలి.

ఛాతీ పట్టీ ఇంతకంటే నమ్మదగినది. అయితే బ్లూటూత్ నీటిలో కొద్ది సెంటీమీటర్లకు మించి పోదు. అందుచేత అంకెలను తనలోనే దాచుకొని, ఒడ్డుకు వచ్చాక వాచీకి అందించే రకం అడగండి. వాచీ అయితే 5 ఏటీఎం అని, ఈతకు పనికివస్తుందని రాసి ఉండాలి. ‘వాటర్ ప్రూఫ్’ అని దుకాణదారు చెప్పే మాట చాలదు.

అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారు మరీ జాగ్రత్త. ఈ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అంకె తక్కువగా ఉందని ఇంకా గట్టిగా ఈదకండి. మీకు ఎంతవరకు మంచిదో డాక్టరుగారినే అడగండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వాచీ ఏమి చూపినా సరే, వెంటనే ఒడ్డుకు రండి.

అంత డబ్బు పెట్టలేమంటారా? గోడ పట్టుకొని ఆగి, మణికట్టు దగ్గర నాడిని 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. ఆగిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే వేగం తగ్గిపోతుంది.