అదాలతు, సర్కారు ఒకటేనా?

మన బీర్కూరు ప్రాంతమున ఒక రైతును కోర్టు ఎవరిదని అడిగిచూడుడు. సర్కారుదనియే చెప్పును. తహసీలు కచేరీ, ఠాణా, అదాలతు మూడును ఆతని దృష్టిలో ఒకటే. జీతములన్నియు ఖజానా నుండియే వచ్చుచుండగా ఆతడట్లనుకొనుటలో తప్పేమున్నది? అయినను కచేరీలో అన్యాయము జరిగినదని తోచిననాడు ఆ రైతే కోర్టు మెట్లెక్కును. సర్కారుదే అనుకొన్న కోర్టు సర్కారును కాదనగలదని ఆతని ఆశ. ఆ ఆశ దేనిమీద నిలిచియున్నదో కొంత విచారింతము.

ఈ ప్రాంతము హైదరాబాదు సంస్థానములో నున్నపుడు శిస్తు వసూలుచేయు అధికారికే నేరవిచారణాధికారము కూడ నుండెడిది. 1921లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానా ద్వారా న్యాయశాఖను పాలనాశాఖ నుండి వేరుచేసెను. బ్రిటిషు ఇండియాలో అప్పటికి ఇది పూర్తిగా జరుగలేదు. మనవారు గర్వింపదగిన విషయమే. కాని ఫర్మానా యిచ్చిన చేయియే దానిని రద్దుచేయనుగలదు కదా! 1950లో వచ్చిన రాజ్యాంగము ఆ లోటు తీర్చెను. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించుటకు పార్లమెంటు ఉభయసభలలోను ప్రత్యేక మెజారిటీ కావలెను.

అయితే తొలగింపజాలని ప్రభుత్వము దాటివేయగలదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వెలువడెను. మరునాడే ప్రభుత్వము, తనకు ప్రతికూలముగా తీర్పుచెప్పిన ముగ్గురు సీనియరు న్యాయమూర్తులను కాదని ఎ. ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిగా ప్రకటించెను.

న్యాయమూర్తి తనంతట తానడుగు వేసినను జనుల నమ్మకము చలించును. మన తెలుగువారైన కోకా సుబ్బారావు గారి ఉదంతమే చూడుడు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గింపజాలదని 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యములో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పుచెప్పిరి, అయిదుగురు విభేదించిరి. ఆ ఆరుగురిలో ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారొకరు. ప్రభుత్వమునకు ఇంతకంటె ఎదురు నిలుచుట యెట్లు? అయినను ఏప్రిలులో, ఇంక మూడు నెలల పదవీకాలముండగనే, రాజీనామాచేసి ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచిరి. గెలిచినది హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు. తీర్పు వ్రాయునాటికే ఎన్నిక మనసులో నుండెనా? రుజువు లేదు. ప్రశ్న మాత్రము నిలిచిపోయెను.

2023 జనవరిలో సుప్రీంకోర్టు నుండి విరమించిన జస్టిస్ అబ్దుల్ నజీర్ గారిని మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమించినపుడు అటువంటి ప్రశ్నయే తిరిగి వచ్చినది. చట్టము అడ్డుచెప్పదు, వారి తీర్పులను శంకించుట మా ఉద్దేశమును కాదు. విరమణకును ప్రభుత్వ పదవికిని నడుమ కనీసము రెండేండ్ల ఎడముండవలెనని ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన లోధా గారు 2014లో సూచించిరి. అది మాకు సమంజసముగనే తోచుచున్నది.