పిల్లి గోళ్ల కోసం డాక్టర్ల పోరు

మీకు తెలుసా? సోఫాలు, కర్టెన్లు చీరేస్తోందని పెంపుడు పిల్లికి గోళ్లు తీయించేయడం అమెరికాలో చాలాకాలం మామూలు ఆపరేషనే. పేరుకే అది గోళ్లు తీయడం. పిల్లి గోరు వేలి చివరి ఎముకను అంటుకుని పెరుగుతుంది. మళ్లీ మొలవకూడదంటే ఆ ఎముకనే కోసెయ్యాలి. మన వేళ్లను చివరి కణుపు దగ్గర తెగ్గొట్టినట్టు! ముందు కాళ్లకే పది వేళ్లు, పది కోతలు.

2003లో కాలిఫోర్నియాలోని వెస్ట్ హాలీవుడ్ నగరం దీన్ని నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి ఊరు అదే. నిషేధం కోసం ముందుండి పోరాడింది జెన్నిఫర్ కాన్రాడ్ అనే పశువైద్యురాలు. గోళ్లు తీసేసిన పులులకు, సింహాలకు పాదాలు బాగుచేసిన డాక్టరమ్మ ఆవిడ. ఆ నిషేధాన్ని కొట్టేయమని కోర్టుకెక్కింది ఎవరనుకున్నారు? ఆ రాష్ట్ర పశువైద్యుల సంఘమే! లైసెన్సున్న డాక్టరు ఏ ఆపరేషన్ చేయాలో నగరపాలక సంస్థ ఎలా చెబుతుందని వాళ్ల వాదన. 2007లో అప్పీలు కోర్టు నగరం వైపే తీర్పిచ్చింది.

ఆ డాక్టర్లకు జాలి లేదనలేం. గోళ్లు తీయకపోతే యజమాని పిల్లినే వదిలించుకుంటాడేమోనన్నది వాళ్ల భయం. ఇంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లుంటే చిన్న గీరుడైనా ప్రమాదమే కదా అనేవాళ్లు. అయినా నాకు బెర్నార్డ్ రోలిన్ ప్రశ్నే సరైనదనిపిస్తుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో 1978 నుంచి పశువైద్య విద్యార్థులకు వృత్తినీతి బోధించిన తత్త్వవేత్త ఆయన. మీరు కారు మెకానిక్కులాంటివాళ్లా, పిల్లల డాక్టరులాంటివాళ్లా అని అడిగేవాడు. మెకానిక్కు ఓనరు చెప్పింది చేస్తాడు. పిల్లల డాక్టరుకు ఫీజిచ్చేది తల్లిదండ్రులే, కానీ బిడ్డకు కీడు జరిగే పనైతే వాళ్లతోనే గొడవపడతాడు.

బ్రిటన్‌లో ఈ కోత చట్టవిరుద్ధం. న్యూయార్క్ 2019లో నిషేధించింది, రాష్ట్రమంతటా నిషేధం పెట్టడం అమెరికాలో అదే మొదలు. అక్కడా పశువైద్యుల సంఘం అడ్డుపడింది. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం కెనడాలోని నోవా స్కోషియా. అక్కడ ప్రభుత్వం చట్టం చేయలేదు. పశువైద్యుల సంఘమే తన వృత్తి నియమావళిని మార్చుకుంది. 2018 నుంచి అక్కడ యజమాని ఎంత బతిమాలినా, పిల్లికి జబ్బు చేస్తే తప్ప డాక్టరు ఆ కత్తి పట్టకూడదు.