వంతెన మీదుగా ఉమ్రా

ఎనుమాముల యార్డులో మిర్చి బస్తాలు మోసే ఒక తండ్రికి బహ్రెయిన్ నుండి కుమారుని ఫోను: "అబ్బాజాన్, బస్సులో ఉమ్రాకు వెళుతున్నాను."

విమానం కన్నా బస్సు చౌక. 1986లో ప్రారంభమైన 25 కిలోమీటర్ల ఫహద్ రాజు వంతెన నడుమ దీవిపై పాస్‌పోర్టుల తనిఖీ జరుగుతుంది. ఆపైన వెయ్యి కిలోమీటర్లకు మించిన ఎడారి దారి. నమాజులు ఖస్ర్ చేసుకుంటూ సాగి, తాయిఫ్ సమీపాన ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ వద్ద ఇహ్రామ్ ధరించాలి.

తండ్రి అడిగాడు: "వీసా అప్పు మాటేమిటి బేటా?"

"ఈ నెల వాయిదా పంపాకే టిక్కెట్టు కొన్నాను."

హనఫీ మస్లక్‌లో ఉమ్రా సున్నత్. అప్పు తీర్చడం తప్పనిసరి విధి. చౌక బస్సు ఆ పేద కుమారునికి రెండింటినీ సాధ్యం చేసింది.

ప్రయాణికుని దుఆ స్వీకృతమవుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. తండ్రి కోరిందీ అదే: "మనకు అప్పిచ్చిన వారి కోసం కూడా దుఆ చెయ్యి."