తెర ఇక్కడ, యంత్రం అక్కడ!

పెళ్ళివారింట భోజనాలు మీరందరూ చూసే ఉంటారు. ప్రతి విస్తరి పక్కనా ఒక పొయ్యి ఉండదు కదా! పెరట్లో గాడిపొయ్యి మీద వంట ఒక్కచోటే జరుగుతుంది. బంతిలో కూర్చున్న వారందరికీ అక్కడి నుంచే వడ్డిస్తారు. కంప్యూటర్లలోనూ ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉంది. లెక్కలు చేయడం, ఫైళ్ళు దాచడం వంటి పనులన్నీ ఎక్కడో ఉన్న సర్వరు అనే పెద్ద యంత్రం చేస్తుంది. మన బల్లమీద ఉండేది తెర, కీబోర్డు, మౌసు, వాటిని కలిపే చిన్న పెట్టె మాత్రమే. ఈ పెట్టెనే 'థిన్ క్లయింటు' అంటారు.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకొనే పద్ధతిని చేసి చూపింది. 1998లో మైక్రోసాఫ్టు సంస్థ, సర్వరులోని బొమ్మను దూరాన ఉన్న తెరకు పంపే 'రిమోట్ డెస్క్‌టాప్' పద్ధతిని విండోస్‌లో ప్రవేశపెట్టింది.

మరి ఆ బొమ్మ ఎలా వస్తుంది? పెన్సిలు తీసుకోండి, చిన్న లెక్క చేద్దాం. తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉన్నాయనుకుందాం. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు తెలపడానికి 24 బిట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకే దాదాపు 5 కోట్ల బిట్లు! సెకనుకు 30 బొమ్మలంటే 150 కోట్లు. సెకనుకు 10 కోట్ల బిట్లు మోసే తీగ ఇంత బరువు ఎలా మోస్తుంది?

ఉపాయం మీరే చేసి చూడండి. మీరూ మీ స్నేహితుడూ చెరొక కాగితం మీద 64 గళ్ళు గీయండి. మీరు కొన్ని గళ్ళు నింపి, ఏ గడిలో ఏ రంగో అతనికి చెప్పండి. అతని కాగితం మీద అదే బొమ్మ వస్తుంది. ఇప్పుడు మూడు గళ్ళ రంగు మార్చండి. మళ్ళీ 64 గళ్ళూ చెబుతారా? మారిన మూడే చెబుతారు. సర్వరు చేసేదీ అంతే. మారిన భాగాన్ని మాత్రమే, అదీ కుదించి పంపుతుంది.

ఈ పాఠం చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, బాగా పనిచేస్తున్నదాన్ని మళ్ళీ మళ్ళీ మార్చడం ఎందుకండీ?" అని అడిగాడు. మంచి ప్రశ్న!

కొన్ని మార్పులు సౌకర్యం కోసం. 2001లో విండోస్ ఎక్స్‌పీతో దూరపు కంప్యూటరు శబ్దం కూడా మన దగ్గర వినిపించసాగింది. 2009లో విండోస్ 7తో ఒకటికి మించిన తెరలను విడివిడిగా వాడుకొనే వీలు కలిగింది. 2012లో విండోస్ 8తో యు.డి.పి. మార్గం వచ్చింది. అంతకుముందు దారిలో ఒక ముక్క తప్పిపోతే, అది మళ్ళీ వచ్చేదాకా వెనుకవన్నీ ఆగేవి. ఈ మార్గంలో ఆగనక్కరలేదు. కదిలే దృశ్యంలో పోయిన బొమ్మకోసం ఎదురుచూడటం కంటే కొత్త బొమ్మ చూపడమే మేలు కదా!

కొన్ని మార్పులు రక్షణ కోసం. పాత పద్ధతిలో వచ్చినవారిని లోపలికి రానిచ్చి, ఆ తరువాత పేరు అడిగేవారు. 2007లో బజారుకు వచ్చిన విండోస్ విస్టాలో గుమ్మం బయటే గుర్తింపు అడిగే ఏర్పాటు చేశారు. పన్నెండేళ్ళకు దాని విలువ తెలిసింది. 2019 మేలో 'బ్లూకీప్' అనే లోపం బయటపడింది. దాని ద్వారా విండోస్ 7 వంటి పాత విండోస్‌లలోకి సంకేతపదం లేకుండానే దొంగ చొరబడగలడు! గుమ్మం దగ్గర గుర్తింపు అడిగే యంత్రాల్లో మాత్రం సంకేతపదం తెలియని దొంగ బయటే ఆగిపోతాడు. 2014లోనే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్టు మరమ్మతు విడుదల చేసిందంటే ప్రమాదం ఎంతటిదో ఊహించండి. వంట ఒక్కచోటే కనుక, అక్కడ విషం పడితే బంతి మొత్తానికీ ముప్పే. మరమ్మతు వేసుకోనివారికి అది ఉన్నా లేనట్టే.

ఏ మార్పూ దాటలేని హద్దు ఒకటి ఉంది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వరు 10,000 కిలోమీటర్ల దూరాన ఉంటే, మీరు మీట నొక్కాక అక్షరం తెరమీద కనబడడానికి కనీసం ఎంతసేపు పడుతుంది? రానూ పోనూ దూరం మరువకండి. లెక్క కట్టి, రేపు మీ సైన్సు మాస్టారికి చూపించండి!