మన సెలవులూ, మంచుకొండల పంచాంగమూ

వేసవి సెలవులు అనగానే ఒకప్పుడు మన చెన్నపట్నం తెలుగు కుటుంబాలకు రెండే దారులు. సెంట్రల్ స్టేషన్లో రైలెక్కి నెల్లూరో, తెనాలో, రాజమండ్రో అమ్మమ్మగారింటికి పోవడం ఒకటి. చేతిలో కాస్త డబ్బుంటే ఊటీ, కొడైకెనాల్ రెండోది. అమ్మమ్మలు ఇప్పుడు చాలామంది మన ఫ్లాట్లలోనే ఉంటున్నారు. ఊటీ, కొడైకెనాల్ లలో రద్దీ ఎంత పెరిగిందంటే, హైకోర్టు ఉత్తర్వు మీద 2024 మే 7 నుంచి బండికి ఈ-పాస్ పెట్టవలసి వచ్చింది. అందుకని ఈమధ్య మన సంఘం సమావేశాల్లో కాఫీ దగ్గర చేరిన నలుగురిలో ఒకరైనా మనాలీ, స్పితి, లడాఖ్ అంటున్నారు. పైగా బ్యాంకు ఆఫీసర్లకు ఎల్.ఎఫ్.సి. అనే వరం ఒకటుంది కదా! దేశం ఏ కొస చూసినా అక్కడ ఒక బ్యాంకు ఆఫీసరు కుటుంబం ఫోటో దిగే ఉంటుంది. మేమూ దిగాం.

ఎండాకాలంలో ఉత్తరాదికి బయలుదేరడం మన ఊరివాళ్ళకు కొత్తేమీ కాదు. ఇక్కడి సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరారు. తమిళులు అగ్ని నక్షత్రం అనే కర్తరి ఎండలు మాడ్చే రోజులవి. వెంట దాదాపు వంద మంది, పల్లకీ, బోయీలు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ దారి ఎలా ఉంది అని వరుసగా వ్రాసిపెట్టారు. ఆయన పోయాక 1838లో కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు దాన్ని అచ్చు వేయించారు. ఆ పుస్తకంలో నాకు ముచ్చట గొలిపేది ఆయన ఓపిక. దారి ఎప్పుడు పోనిస్తే అప్పుడే ముందుకు పోయారు. మనకు ఆ తీరిక లేదు. మే మొదట్లో సెలవులు, జూన్ మొదట్లో బడి. ఈ ఐదు వారాల్లోనే హిమాలయం మనకు వీలు చూసుకోవాలి!

అది చూసుకోదు. చిక్కంతా అక్కడే ఉంది.

మనాలీ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు సంగతే చూడండి. వరుసగా బారాలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, తంగ్‌లంగ్ లా దాటాలి. లా అంటే అక్కడి భాషలో కనుమ. బారాలాచా ఎత్తు సుమారు 4,890 మీటర్లు, తంగ్‌లంగ్ లా 5,328 మీటర్లు. మన దొడ్డబెట్ట 2,637 మీటర్లు. అంటే ఒక దొడ్డబెట్ట మీద ఇంకొకటి నిలబెట్టినా ఆ కనుమకు అందదు. చలికాలమంతా ఈ దారి మంచు కింద పడుకొని ఉంటుంది. సరిహద్దు రోడ్ల సంస్థ వారు యంత్రాలతో మంచును కోసుకుంటూ వస్తే, ఒకప్పుడు ఏడాదిని బట్టి మే నడిమి నుంచి జూన్ లోపు ఎప్పుడో తెరుచుకునేది. మన పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే రోజులకన్న మాట.

2020 అక్టోబరు 3న అటల్ సొరంగం తెరిచాక 46 కిలోమీటర్ల దూరం తగ్గింది, రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది. అంతమాత్రాన లేహ్ దారి ఏడాది పొడుగునా తెరిచి ఉంటుందని అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. సొరంగం ఒక్క రోహ్‌తాంగ్ నే తప్పించింది, పైన చెప్పిన నాలుగూ ఎక్కక తప్పదు.

మేము 2022 జూన్ మూడో వారంలో వెళ్ళాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు, వియ్యంకులు ఇద్దరు. ఢిల్లీ వరకు రైలు, అక్కడినుంచి మనాలీ, మనాలీలో ఒక టెంపో ట్రావెలర్. తొమ్మిది కిలోమీటర్ల ఆ సొరంగంలోకి ఒకవైపు వాన తుంపరలో, దేవదారు చెట్ల నీడలో దూరాం. అటు తేలేసరికి నీలాకాశం, బోడి కొండలు! కేరళలో జూన్ లో కుండపోతగా కురిసే వాన కనుమలు దాటి మన చెన్నై దాకా ఎలా రాదో, ఇక్కడా అంతే. పీర్ పంజాల్ కొండలు ఋతుపవనాన్ని అడ్డుకుంటాయి. లేహ్ లో ఏడాదికంతా పడే వాన పది సెంటీమీటర్ల చిల్లర. మనకు ఒక్క తుఫాను రోజున అంతకంటే ఎక్కువే పడుతుంది.

ఈ పొడితనం వల్ల జరిగే వింతలు కొన్ని. ఎండలో నిలబడితే చుర్రుమంటుంది, బండి నీడలోకి జరిగితే స్వెట్టరు కావాలి. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి కూర్చుంది. ఊరినుంచి తెచ్చుకున్న కారప్పూస పొట్లాలు ఎత్తుకు పోయేకొద్దీ బుడగల్లా ఉబ్బాయి. మా వియ్యపురాలు ప్రెషర్ కుక్కరు వెంట తెస్తానన్నప్పుడు అల్లుడు నవ్వాడు. లేహ్ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కాబట్టి మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకు మిగులుతుంది. జిస్పాలో ఆవిడ కుక్కరు మూత తీసిన తరువాత ఇక ఎవరూ నవ్వలేదు.

మా డ్రైవరు లాహుల్ వాడు, ఎక్కువ మాట్లాడడు. జిస్పాలో రాత్రి ఒక్క ముక్క చెప్పాడు: తెల్లవారుజామున నాలుగున్నరకు బండిలో ఉండాలి, స్నానాలు లేవు. మా వియ్యంకుడుగారికి స్నానసంధ్యలు కాకుండా గడప దాటే అలవాటు లేదు. కారణం మర్నాడు కంటితో చూస్తేనే తెలిసింది. ఆ రోడ్డుకు అడ్డంగా చాలాచోట్ల వాగులు పారతాయి. పైనున్న మంచు రాత్రి గడ్డకట్టి ఉంటుంది కనుక తెల్లవారి వాగులో మడమలోతు నీరే. పొద్దెక్కేకొద్దీ మంచు కరుగుతుంది, ఆ నీరు కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు అదే వాగు బండరాళ్ళను దొర్లించుకుంటూ వస్తుంది. మేము సర్చూ దాటాక ఎదురుగా లేహ్ వైపు నుంచి వచ్చే బళ్ళు గబగబా పోతుంటే చూశాం. వాళ్ళదీ అదే తొందర. ఏ ఎండ మనకు దారి తెరిచిందో ఆ ఎండే మధ్యాహ్నానికి దారి మూస్తుంది.

ఎత్తు విషయం పెద్దవాళ్ళున్న ఇళ్ళవారు గట్టిగా ఆలోచించాలి. లేహ్ ఊరు 3,500 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు మన మెరీనా ఒడ్డున అందేదానిలో మూడింట రెండు వంతులు. తంగ్‌లంగ్ లా మీద సగానికి కొంచెం పైన. వయసులో ఉన్నవాళ్ళకు రాదనుకోవడం పొరపాటు. సర్చూ డేరాల్లో (4,290 మీటర్లు) రాత్రి పడుకుంటే తలనొప్పి, వాంతులు సామాన్యం. 3,200 మీటర్ల జిస్పాలో పడుకొని, మర్నాడు చీకటితో బయలుదేరి సర్చూలో ఆగకుండా పోవడం మేలు. లేహ్ చేరాక రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకూడదు. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు బయలుదేరకముందే డాక్టరుగారిని అడిగి తీరాలి. శ్రీనగర్ మీదుగా కార్గిల్ దారిన వెళితే ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది, జోజీ లా (3,528 మీటర్లు) ఇటీవలి ఏళ్ళలో మార్చి, ఏప్రిల్ లోనే తెరుచుకుంటోంది కూడా. అక్కడి పరిస్థితులు విచారించుకొని వెళ్ళగలిగితే మే సెలవులకు అదే నయం.

ఇంతవరకు చెప్పింది పాత లెక్క. ఆ లెక్కే ఇప్పుడు తప్పుతోంది. 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి వేళ లేహ్ మీద విరుచుకుపడిన వానకు కొండచరియల బురద ఊరిమీదికి వచ్చి రెండు వందల మందికి పైగా పోయారు. గడ్డిపోచ లేని కొండలు, మట్టి ఇటుకల ఇళ్ళు, మట్టి మిద్దెలు. వానే లేని చోట కట్టుకున్న ఊరది, వాన వస్తే నిలవడమెట్లా? 2023 జూలైలో హిమాచల్ అంతా వరదలు. బియాస్ మనాలీ రోడ్డును కోసుకుపోయింది, చంద్రతాల్ దగ్గర మంచులో చిక్కుకున్న సుమారు మూడు వందల మంది యాత్రికులను రోజుల తరబడి శ్రమించి దించారు. 2024 జూలై చివర లేహ్ లో ఎండ ఎక్కువై విమానాలు రద్దయ్యాయి. అసలే పల్చని గాలి, వేడెక్కితే ఇంకా పల్చబడి రెక్కలకు ఆనదు. 2003 మే 31న మన నుంగంబాక్కంలో 45 డిగ్రీలు కాసినప్పుడు కూడా మీనంబాక్కంలో విమానాలు ఎగిరాయి.

హిందూకుష్ హిమాలయాల హిమానీనదాలు 2011–2020 మధ్య అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా తరిగాయని ఖాట్మండులోని ఐసిమోడ్ సంస్థ 2023లో ప్రకటించింది. నేను బి.కాం. చదివినవాణ్ణి, భూగోళశాస్త్రం నాకు హైస్కూలుతో సరి. కానీ వడ్డీ మీద బతకవలసినవాడు అసలు తీసుకుంటున్నాడంటే ఏమవుతుందో తెలుసు.

అక్కడివాళ్ళ సేద్యం పూర్తిగా ఈ మంచునీళ్ళ మీదే. విత్తనం వేసేది ఏప్రిల్, మే నెలల్లో. కానీ పైనున్న హిమానీనదం కరిగి కాలువలోకి నీరు దిగేది జూన్ లో. ఈ ఎడం తీర్చడానికి చేవాంగ్ నోర్‌ఫెల్ అనే ఇంజనీరుగారు ఒక ఉపాయం పట్టారు. చలికాలంలో వృథాగా పోయే వాగునీటిని కొండనీడలోకి మళ్ళించి, ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో, మెట్లుమెట్లుగా రాతికట్టల వెనుక గడ్డకట్టిస్తారు. తక్కువ ఎత్తులో ఉన్న మంచు ముందే కరుగుతుంది కదా, సరిగ్గా విత్తే వేళకు నీళ్ళు దిగుతాయి. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చేసిందల్లా నీటి పంచాంగాన్ని రెండు నెలలు ముందుకు జరపడం.

అటువంటి చోటికి 2023లో వెళ్ళిన యాత్రికులు ఐదు లక్షల పైమాట. 2011 లెక్కల ప్రకారం లడాఖ్ జనాభా 2.74 లక్షలు. వాళ్ళ ఇళ్ళలో నీళ్ళు అక్కరలేని మరుగుదొడ్లు ఉండేవి, మట్టి చల్లితే చాలు, ఏడాదికి పొలానికి ఎరువు. మనకోసం హోటళ్ళలో షవర్లు, ఫ్లష్ లు వచ్చాయి, వాటికోసం బోర్లు వేశారు. మేమున్న చోట బక్కెట్టు వేడినీళ్ళు ఉదయం ఒక గంటే ఇస్తామన్నారు. పక్క గదివాళ్ళు గొడవపడ్డారు. మాకు నోరు రాలేదు. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి మన ఊరికి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చిన రోజులు గుర్తున్నాయి. లారీ దగ్గర బిందెలతో నిలబడినవాళ్ళం, బక్కెట్టు విలువ మనకొకరు చెప్పాలా?

నా మాట వింటే మే నెలలో మనాలీ మీదుగా లేహ్ అనే ఆలోచన మానుకోండి. జూలై, ఆగస్టుల్లో మనాలీ వైపు కొండలు జారే భయం. పిల్లలకు కాలాండు పరీక్షలయ్యాక సెప్టెంబరు చివర దొరికే సెలవులు తక్కువే అయినా, ఆ కాలం వేరు. వాగులు తగ్గి ఉంటాయి, బార్లీ కోతలు అయిపోయి ఉంటాయి, రాత్రి చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. రోడ్డు మామూలుగా అక్టోబరు దాకా తెరిచే ఉంటుంది, బయలుదేరే ముందు రోజు మాత్రం మళ్ళీ విచారించుకోవాలి. మనాలీలో మాట్లాడుకున్న బండి లేహ్ దాకానే. నుబ్రా, పాంగాంగ్ లకు అక్కడి టాక్సీయే కట్టుకోవాలి, ఆ ఖర్చు ముందే వేసుకోండి. తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఖాళీగా ఉంచండి, రైలు టిక్కెట్టు దానికి తగ్గట్టు తీసుకోండి. కుక్కరుకు ఇంకొక రబ్బరు గాస్కెట్టు పెట్టుకోండి. ఆ చలిపొడికి మాది మూడో రోజునే బీటలు వారింది, లేహ్ బజారంతా తిరిగినా ఆ సైజు దొరకలేదు.