వెతికితేనే దొరికే కానుక

రాయలసీమ వాసులకు నిధి వేట కొత్త కాదు. తొలకరి పడితే చాలు, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం తలలు వంచుకుని తిరుగుతారు. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వమే తవ్వకాలు మొదలుపెట్టింది. నిధి మాత్రం దొరకలేదు. మట్టి కింద నిధి ఉందో లేదో ఎవరికీ తెలియదు. ప్రేమతో దాచిన కానుక అలా కాదు. అది దొరకాలనే దాస్తారు.

నంద్యాలలో ఉండే మా చెల్లెలు తన కొడుకు కోసం అలాంటి వేటనే సిద్ధం చేసింది. ఇంటర్ ముగించిన అబ్బాయి ఇంజనీరింగ్ చదువుకని హాస్టలుకు వెళ్లబోతున్నాడు. కొత్త సెల్‌ఫోన్ ఇస్తారని ఎదురుచూస్తుంటే, తల్లి చేతిలో చిన్న చీటీ పెట్టింది. దాని మీద ‘లూకా 15:8’ అని తప్ప మరేమీ లేదు. బైబిలు తెరిచాడు. నాణెం పోగొట్టుకున్న స్త్రీ ఇల్లు ఊడ్చి వెదకిన సంగతి. చీపురు కింద రెండో చీటీ: ‘1 రాజులు 17:12’. సారెపతు విధవరాలి దగ్గర మిగిలిన గుప్పెడు పిండి. వంటింట్లో పిండి డబ్బా వెనుక మూడోది: ‘2 తిమోతి 1:5’. అక్కడ తిమోతి అవ్వ లోయి పేరుంది. అంటే ఆళ్లగడ్డలో ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్లాలి!

‘ఇప్పుడా?’ అని విసుక్కున్నాడు. ఆరు నెలలుగా అవ్వ ముఖం చూడలేదు. శిరివెళ్ల మీదుగా సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణం. మొత్తానికి వెళ్లాడు. అవ్వ కొంగుముడి విప్పి చివరి చీటీ ఇచ్చింది: ‘2 తిమోతి 4:13’. చెరసాలలోని పౌలు తన అంగీని, పుస్తకాలను తెమ్మని అడిగిన మాట. ట్రంకు పెట్టెలో తాత ఉన్ని కోటు కింద ఆయన బైబిలు ఉంది. అట్టలు ఊడాయి. అంచుల నిండా పెన్సిలు రాతలు.

‘చదువు నాయనా, నాకు కళ్లు ఆనడం లేదు’ అంది అవ్వ. ఆఖరి బస్సు వెళ్లిపోయే దాకా చదివి, ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు.

మీరూ ఇలా కానుక ఇవ్వాలనుకుంటే ముందు చివరి చోటు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి చీటీలు రాసుకుంటూ రండి. నాలుగైదు చాలు. చదవలేని చిన్నపిల్లలకు బొమ్మలు గీసి ఇవ్వండి. రోడ్డు వైపు, బావి వైపు, మేడ అంచుకు పంపకండి. ఒక్క చీటీనైనా దూరమైన మనిషి చేతిలో ఉంచండి.

మత్తయి 13:44లో ప్రభువు చెప్పిన ఉపమానంలో, నిధి దొరికినవాడు సంతోషంతో తనకున్నదంతా అమ్మి ఆ పొలం కొంటాడు. మా మేనల్లుడు ఫోన్ సంగతి తర్వాత అడిగిన మాట నిజమే. కానీ ఇప్పుడు సెలవులకు వస్తే ముందు ఆళ్లగడ్డకే వెళ్తాడు. అవ్వకు ఒక అధ్యాయం చదివి వినిపించాకే నంద్యాల ఇంటికొస్తాడు.